రేగడి అనుకున్న నేల

మా వియ్యపురాలికీ నాకూ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. దేవుడి దగ్గర మొదలై, మజ్జిగపులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నదాకా మాది తెగని పేచీ. నేను వాదసభల మధ్య పెరిగినదాన్ని. మా నాన్న ఆదివారాలు వసారాలో కుర్చీలు వేయించి, ఒక వారం శకునాల మీద, ఒక వారం జాతకాల మీద పదిమందిని కూర్చోబెట్టి వాదం నడిపేవాడు. ఎదుటివాడి మాట పూర్తయ్యాకే ఖండించాలని అక్కడ నియమం. ఆవిడది గోదావరి వైపు, బియ్యం మిల్లుల ఊరు. దీపం పెట్టనిదే కాఫీ ముట్టని ఇల్లు. మా అమ్మాయీ వాళ్ళబ్బాయీ అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగాలు చేసుకుంటుంటే, ఆ ఏడు మేమిద్దరం ఒకేసారి వచ్చి పడ్డాం. వరసకి ఒకరికొకరం వదినగార్లం. ఒక వంటిల్లు, రెండు సిద్ధాంతాలు.

అలాంటి ఇద్దరం ఒక్క విషయంలో మాత్రం, అడిగిన క్షణంలో, ఒక్క గొంతుతో ఒకే మాట అన్నాం. ఆ మాట తప్పు.

అల్లుడు ఒక స్నేహితుడితో కలిసి రాష్ట్రానికి తూర్పున, సముద్రం వైపు, కొంత పొలం కొన్నాడు. కారులో రెండు గంటల పైన ప్రయాణం. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు అది మార్చి చివర. బల్లపరుపు నేల. గీత గీసినట్టు నిటారుగా పోయే మురుగు కాలువలు. వెనక వరసగా పైన్ చెట్లు, వాటి కింద మనిషి దూరలేనంత చిక్కటి పొద. ఇవన్నీ కాదు, మా కళ్ళని పట్టేసింది మట్టి. కాటుకలా నల్లగా ఉంది.

వదినగారు వంగి ఒక గడ్డ తీసుకున్నారు. "మన రేగడేనండీ, చూడండి. పత్తి వేస్తే విరగకాస్తుంది."

"రేగడే," అన్నాను నేను. మాది రేగడి ప్రాంతమే. ఆ మాట అనే అర్హత అందరికన్నా నాకే ఉందనుకున్నాను.

అల్లుడి ముఖం వెలిగిపోయింది. "మీరిద్దరూ ఒకే మాట అన్నారంటే ఇంక డౌటే లేదు అత్తయ్యా," అన్నాడు.

రేగడి గడ్డ ఎండితే రాయి. విసిరితే తల పగులుతుంది. నేనూ తీసుకున్న గడ్డ ఎండిన పిడకలా తేలిగ్గా ఉంది, వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలి అందులోంచి పీచు బయటపడింది. తేలిగ్గా ఉందే అనుకున్నాను. ఎందుకు తేలిగ్గా ఉంది అని అడగలేదు. అసలు హేతువాదం అంటే ఏమిటి? దేవుడు లేడని బల్లగుద్ది చెప్పడం కాదు. చేతిలో ఉన్న వస్తువుని నువ్వెవరివని అడగడం. ఆ రోజు మట్టిని ఎవరూ అడగలేదు. భక్తురాలూ అడగలేదు, నాస్తికురాలూ అడగలేదు. దాని రంగు చూసి మా ఊరు గుర్తుతెచ్చుకుని మురిసిపోయాం.

ఏప్రిల్‌లో భూమిపూజ పెట్టుకున్నారు. పురోహితుడు రాగి హోమకుండం వెంట తెచ్చాడు గానీ, భూమిపూజ కనక భూమిలోనే గుంట తీసి చేస్తే బాగుంటుందని వదినగారన్నారు. అల్లుడూ స్నేహితుడూ కలిసి మోకాలిలోతు గుంట తవ్వారు. పార ఎంత తేలిగ్గా దిగుతోందో అని సంబరపడ్డారు కూడా. పిడకలు, ఎండుకొబ్బరి, నెయ్యి. గంటన్నర మంత్రాలు. అవతల ఫోల్డింగ్ టేబుల్ మీద పులిహోర, సమోసాలు. పిల్లలు కాలవ గట్టు మీద పరుగులు.

అంతా అయ్యాక నేను లేచి, "రెండు బకెట్లు నీళ్ళు పోసి వెళదాం. గాలి బాగా ఉంది," అన్నాను.

"అగ్నిహోత్రుణ్ణి నీళ్ళతో ఆర్పకూడదమ్మా," అన్నాడు పురోహితుడు ఉత్తరీయం మడతపెట్టుకుంటూ. "ఆయనంతట ఆయన శాంతించాలి."

"ఆయన శాంతించేలోపు గడ్డి అంటుకుంటే?"

వదినగారు కల్పించుకున్నారు. "మీకు దేవుడితో తగాదా ఉంటే మీ ఊళ్ళో పెట్టుకోండి వదినగారూ. నా కొడుకు పొలంలో వద్దు."

పదిమంది చూస్తున్నారు. అల్లుడు పార అందుకున్నాడు. "మట్టి కప్పేద్దాం అత్తయ్యా. నీళ్ళు పోసినట్టూ కాదు, నిప్పు వదిలేసినట్టూ కాదు."

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. మతానికీ తర్కానికీ మధ్య ఇంత మర్యాదైన రాజీ నేనెప్పుడూ చూడలేదు. నాలుగు పారల నల్లమట్టి నిప్పుల మీద పడింది. పొగ ఆగింది. కార్లెక్కి ఇళ్ళకి వచ్చేశాం.

మేం కప్పింది మట్టి కాదు. అది పీట్ అనే నేల. చిత్తడిలో చెట్టూ గడ్డీ పడి, నీళ్ళలో పూర్తిగా కుళ్ళలేక, వేల ఏళ్ళు పొర మీద పొరగా పేరుకున్న చెత్త. తడిగా ఉన్నంతకాలం దానంత సాధువు లేదు. ఎప్పుడో, ఎవరో, సాగు కోసమని అడ్డంగా నిలువుగా కాలువలు తవ్వి నీళ్ళన్నీ లాగేశారు. ఎండిన పీట్ అంటే పొయ్యిలో పెట్టుకునే సరుకు. కొన్ని దేశాల్లో దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి వంటచెరకుగా వాడతారు. అంటే మేం కట్టెల మోపులో గుంట తీసి, అందులో నిప్పు పెట్టి, పైన మళ్ళీ కట్టెలే కప్పి వచ్చాం.

ఇదంతా నాకు తెలిసింది నెలన్నర తర్వాత. స్నేహితుడు పొలానికి వెళ్ళి ఒక వీడియో పంపాడు. మంట లేదు. గుంట చుట్టూ నేలలోంచి, గడ్డి మొదళ్ళలోంచి, సన్నటి పొగ. వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు వరసకట్టాయి. హోమాగ్ని ఇంకా సజీవంగా ఉందని ఒకరు, ఆ నేల మహత్యం అని ఇంకొకరు. ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ, ఏం కాలుతోంది అని అడగలేదు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళంతా ఇంజనీర్లు.

వదినగారు ఆ వీడియో ఎన్నిసార్లు చూశారో. అప్పుడు అల్లుడి కంపెనీలో జనాన్ని తీసేస్తున్నారు. వీసా రెన్యువల్ ఫైల్‌లో ఉంది. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి మిగిలేది కొద్ది వారాలు. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుకునే రోజులు. ఆవిడ మొక్కుకున్నారు: కొడుకు ఉద్యోగం నిలిస్తే అని కాదు, నిలవడానికి, ముందే, ఆ అగ్ని చుట్టూ ఉత్తికాళ్ళతో నూట ఎనిమిది ప్రదక్షిణలు.

నేను ఆ సాయంత్రం కూర్చుని నేల కింద కాలే నిప్పు గురించి చదివాను. ఈ నిప్పు పైకి రాదు, పక్కకి పోతుంది. గడ్డి పచ్చగానే ఉంటుంది, కింద గుల్ల అయిపోతుంది. మనిషి కాలు పెడితే పెంకు విరిగినట్టు విరిగి, కింద ఉన్న బొగ్గులో దిగబడతాడు. చెట్లు గాలి లేకుండా కూలతాయి. పొగలో ఉండే విషవాయువుకి వాసన ఉండదు.

భోజనాల దగ్గర అల్లుడికి చెప్పాను. "ఫైర్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

అతను కంచంలో చూస్తూ కూర్చున్నాడు. "పర్మిట్ లేకుండా ఫైర్ పెట్టాం అత్తయ్యా. కాల్ చేస్తే రికార్డ్ అవుతుంది. ఈ టైంలో ఏ చిన్న కేసైనా... ముందు వెళ్ళి చూద్దాం. చిన్నదైతే మనమే ఆర్పేద్దాం."

"చిన్నదో పెద్దదో పైనుంచి చూస్తే తెలియదు."

"మీరు వద్దన్నా నేను వెళతాను," అన్నారు వదినగారు. కొడుకుతో కాదు, నాతో.

"వెళ్ళండి. నేనూ వస్తాను," అన్నాను.

మర్నాడు పొద్దున కారులో రెండు గంటలూ వాదించాను. ముందు సీట్లో అల్లుడు డ్రైవ్ చేస్తున్నాడు, పక్కన మా అమ్మాయి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటోంది. ఆ రోజు దానికి సెలవు దొరకలేదు. పొగకి కారణం ఏమిటో, పీట్ అంటే ఏమిటో, మొదటినుంచి చివరిదాకా వదినగారికి చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ విన్నారు.

"అయిందాండీ?" అన్నారు చివర్న.

"అయింది."

"మీరు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. నిప్పు కిందున్నా నిప్పే కదా. నేను నిప్పు చుట్టూ తిరగడానికే వెళుతున్నాను."

మా నాన్న వసారాలో అయితే జనం వైపు తిరిగి చిరునవ్వు నవ్వేదాన్ని. ఇక్కడ జనం లేరు. ఈ వాదంలో ఓడిపోయేది ఆవిడ కాలు.

పొలానికి చేరేసరికి ఇంకా ఎండ ముదరలేదు. పొగ పైకి లేవకుండా మోకాలెత్తున పరుచుకుని ఉంది. కాలిన గోనెపట్టా వాసన, దానికింద బురద వాసన. అల్లుడు ఎప్పుడూ ఆపే చోటే, గేటు లోపల గడ్డి మీద, కంకర బాటని ఆనుకుని కారు ఆపాడు. గుంటకీ కారుకీ మధ్య ఇంకో నాలుగైదు కార్లు పడతాయి. అక్కడ పొగ లేదు, గడ్డి పచ్చగా ఉంది. అమ్మాయికి మీటింగు మొదలైంది. పొగ రాకుండా అద్దాలు ఎత్తుకుని, హెడ్‌సెట్ తగిలించుకుని కారులోనే ఉండిపోయింది.

పైన్ చెట్ల వరసలో ఒకటి పడిపోయి ఉంది. దాని ఆకు ఇంకా పచ్చగానే ఉంది. వేళ్ళ వైపు చూస్తే వేళ్ళు లేవు. పెన్సిల్ చెక్కినట్టు నల్లటి మొన ఒకటి మిగిలింది. గత రెండు మూడు రోజుల్లో గాలివాన ఏదీ లేదు.

వదినగారు చెప్పులు విడిచారు. రెండడుగులు వేసి ఆగారు. ఆవిడ ముఖంలో ఏదో నెమ్మది కనపడింది. "వెచ్చగా ఉందండీ," అన్నారు.

ఆ వెచ్చదనాన్ని ఆవిడ ఏమనుకున్నారో నాకు తెలుసు.

"అక్కడే ఆగండి. కదలొద్దు," అన్నాను. కంచె కోసం తెచ్చి పడేసిన ఇనప చువ్వల్లోంచి ఒకటి తీసుకున్నాను. ఆవిడ ముందు, ఒక బార దూరంలో, నేలలో పొడిచాను. పైన పచ్చిగడ్డి వేళ్ళు కాస్త అడ్డం పడ్డాయి. అవి దాటగానే చువ్వ పేలాల బస్తాలోకి చెయ్యి పెట్టినట్టు దిగిపోయింది. నా బరువు దాని మీద ఉంది, నేనూ దానితో పాటు ముందుకి తూలాను. అల్లుడు వెనకనుంచి చీర కొంగూ భుజమూ కలిపి పట్టుకున్నాడు.

లోపల కాసేపు ఉంచి బయటికి లాగాను. కింది కొన నల్లగా మసిబారి ఉంది, దానికి అంటుకున్న పొడి కాలుతోంది. అరచేతి వెనకవైపు దగ్గర పెడితే పొయ్యి మీద పెనం దగ్గర పెట్టినట్టు ఉంది. వదినగారికి చూపించాను. ముట్టుకోబోయారు.

"ముట్టుకోకండి, వాసన చూడండి చాలు."

ఆవిడ ముక్కు దగ్గరికి తీసుకున్నారు. తర్వాత, ఎవరితోనో చెబుతున్నట్టు, "ఇది ఊక నిప్పండీ," అన్నారు.

"ఊకేమిటమ్మా?" అన్నాడు అల్లుడు.

"మా మిల్లు వెనక ఊక కుప్ప ఉండేదిరా, కొండంత. ఎప్పుడు అంటుకునేదో, లోపల్లోపల నెలలు కాలేది. పైన వాన పడి తడిగా ఉండేది. మా చిన్నప్పుడు ఒక దూడ దాని మీదుగా పరిగెత్తింది. నడుందాకా దిగిపోయింది." ఆవిడ ఆగారు. "దాని అరుపు ఊరంతా విన్నాం. తాళ్ళు వేసి లాగారు. లాగాక బతకలేదు."

రెండు గంటల నా ఉపన్యాసం చెయ్యలేనిది ఆ కాలిన వాసన చేసింది. నాకు చెప్పుకోదగ్గ సంతోషమేమీ కలగలేదు. ఎందుకంటే ఆవిడ ఇంకా అక్కడే, ఉత్తికాళ్ళతో, ఆ వెచ్చటి నేల మీదే నించున్నారు. వచ్చిన అడుగుల్లోనే అడుగులు పెట్టి వెనక్కి రమ్మన్నాను. వచ్చారు. చెప్పులు వేసుకోమన్నాను. వేసుకోలేదు.

"మొక్కు మాననండీ," అన్నారు. "నిప్పు ఎంతమేర ఉందో దానికి బయటనుంచి తిరుగుతాను. మీరు ముందు నడవండి."

"నేను ప్రదక్షిణాలు చెయ్యను."

"మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారండీ. మీరు చువ్వ పొడుస్తూ నడవండి. ప్రదక్షిణం నేను చేస్తాను."

అల్లుడు, ఇంత గొడవలోనూ, ఒకసారి నవ్వాడు. "సరే అత్తయ్యా, దీనివల్ల సైజ్ తెలుస్తుంది. తెలిసాక డిసైడ్ చేద్దాం." కంచె హద్దులకని కొన్న నారింజరంగు చిన్న జెండాల కట్ట అతని చేతిలో ఉంది. గట్టినేల దొరికిన చోటల్లా ఒకటి గుచ్చుతూ వస్తానన్నాడు.

మొదలుపెట్టాం. నేను ముందు, రెండడుగుల వెనక వదినగారు పెదాలు కదుపుతూ, ఆ వెనక అల్లుడు. చువ్వ గుచ్చడం, ఆగడం, లాగడం, చేతివెనక దగ్గర పెట్టడం. చల్లగా, గట్టిగా ఉంటే ఒక అడుగు. వేడిగా ఉంటే ఎడమకి, బయటికి జరగడం. పొద వైపు తొందరగానే చల్లటి నేల దొరికింది. పైన్ చెట్ల దగ్గర చాలా బయటికి పోవాల్సి వచ్చింది. నిలబడ్డ చెట్ల కిందకి వెళ్ళకుండా, అవి పడితే అందనంత దూరంగా తిప్పాను. ఒక చెట్టు మొదట్లోంచి చిటపట వినపడింది. ముగ్గురం విన్నాం. నేను ఇంకో రెండడుగులు బయటికి జరిగాను.

వెనక్కి చూస్తే జెండాల వరస నేను ఊహించినదానికన్నా ఎంతో పెద్ద వంపు తిరిగి ఉంది. గుంట దానికి మధ్యలో కూడా లేదు. నిప్పు మేం అనుకున్నట్టు గుండ్రంగా పెరగలేదు, తనకి నచ్చిన వైపు పోయింది. ఆ వైపు ఏదో అప్పుడే తెలిసింది. కాలవ గట్టు. ఎండిన గట్టు.

గట్టు మీద గుచ్చాను, వేడి. బయటికి జరిగాను, వేడి. ఇంకా జరిగాను. తల దిమ్ముగా ఉంది, ఎండవల్ల అనుకున్నాను. మళ్ళీ గుచ్చి, చువ్వ దిగిపోతుంటే తల ఎత్తి చూశాను. ఎదురుగా మా కారు వెనక చక్రం.

లోపల మా అమ్మాయి స్క్రీన్ చూస్తూ మాట్లాడుతోంది. చేతులు తిప్పి ఏదో వివరిస్తోంది. అద్దాలు ఎత్తే ఉన్నాయి. చక్రం పక్కన గడ్డి మామూలు గడ్డిలాగే ఉంది.

అల్లుడు ఫోన్ చేశాడు. అది కట్ చేసింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్ చేసి, అద్దంలోంచి మా వైపు చూసి, ఒక్క నిమిషం అని వేలు చూపించింది. నేను చెయ్యి ఊపాను. అది కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది. వాళ్ళ అత్తగారు మొక్కు తీర్చుకుంటున్నారు, అమ్మ వెనకాల గొణుగుతోంది అనుకుంది పాపం.

వదినగారు ఇంటికి వచ్చిన కోడలితో ఎన్నడూ గొంతు పెంచిన మనిషి కారు. ఆ రోజు పెంచారు. "మీటింగు ఆపి దిగమ్మా. అటు దిగు. రోడ్డు వైపు."

అద్దం దిగింది. "ఏమైంది అత్తయ్యగారూ? స్క్రీన్ షేర్‌లో ఉన్నా."

"ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. ఆ పక్క డోరు తీసి కంకర మీదకి దిగు," అన్నాను. నా గొంతులో ఏం విన్నదో, లాప్‌టాప్ మూసి దిగింది. కంకర మీద నించుని నుదురు పట్టుకుంది. "తలనొప్పిగా ఉందమ్మా, ఇందాకణ్ణించి," అంది. అప్పుడు నా తల దిమ్ము ఎండవల్ల కాదని తెలిసింది.

కారు చుట్టూ బాగా వెడంగా తిరిగి మేమూ కంకర బాట మీదకి చేరాం. ఇంక కొంచెం తిరిగితే మొదటి జెండా దగ్గరికి వస్తాం, చుట్టు పూర్తవుతుంది. కానీ బాట కింద నీళ్ళు పోయే తూము ఒకటి ఉంది. తూము పక్కన మట్టిలోంచి పొగ వస్తోంది. ఇటువైపు మాత్రమే కాదు, బాటకి అటువైపు నుంచి కూడా. నిప్పుకి బయట తిరగాలంటే ఇప్పుడు బాట దాటి అవతలి పొలంలోకి పోవాలి. అవతల పొద, దాని వెనక పైన్ తోపు, దాని వెనక ఎవరిదో ఇంటి కప్పు.

వదినగారి పెదాలు కదలడం ఆగింది. "అటెవరిదిరా?"

"తెలీదమ్మా."

"ఫోన్ చెయ్యి."

"అమ్మా, వీసా..."

"నీ వీసా కోసమే కదా మొక్కుకున్నాను. మనం వెలిగించింది వాళ్ళింటికి పోతోంది. ఈ చుట్టు కలవదురా. చెయ్యి."

చేశాడు. మొదటి ప్రదక్షిణం అక్కడే ఆగిపోయింది. ఆవిడ చెప్పులు ఇంకా గుంట దగ్గరే ఉన్నాయి. తీసుకురావడానికి ఎవరం వెళ్ళలేదు. అమ్మాయి తన స్పోర్ట్స్ షూలు విప్పి ఇచ్చింది. చీర మీద గులాబీరంగు షూలు వేసుకుని, వదినగారు కంకర బాట మీద నించుని ఫైర్ వాళ్ళ కోసం ఎదురుచూశారు.

వచ్చినవాళ్ళలో అడవిశాఖ అధికారి ఒకాయన మా జెండాల వరస చూసి, ఇది ఎవరు పెట్టారని అడిగాడు. నేను చెప్పాను. ఎందుకు పెట్టారని అడిగితే, వదినగారి మొక్కు గురించి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక, కొలిచామని చెప్పాను. మంచి పనే గానీ ఇంకెప్పుడూ ఆ నేల మీద నడవొద్దన్నాడు. మా అదృష్టం గురించి ఆయన ఇంకా ఏదో అన్నాడు, అది నేను వదినగారికి అనువదించలేదు.

కారుని దూరం నుంచి ఉక్కుతాడు వేసి లాగారు. అది కదిలినచోట వెనక చక్రం కింద గడ్డి కుంగి, లోపల ఎర్రగా కనపడింది.

పర్మిట్ లేకుండా నిప్పు పెట్టినందుకు అల్లుడికి జరిమానా వేశారు. అడగవలసినవన్నీ అడిగారు. వీసా మాట ఒక్కరూ ఎత్తలేదు. హోమాగ్నిని నీళ్ళతో ఆర్పకూడదన్నది ఒక నమ్మకం. ఫోన్ చేస్తే వీసా పోతుందన్నది ఇంకో నమ్మకం. రెండోది కంప్యూటర్ ముందు కూర్చునే చదువుకున్నవాళ్ళది కాబట్టి దాన్ని మూఢనమ్మకం అనడానికి మనకి నోరు రాదు. ఆ భయం ఖరీదు నా కూతురు అయ్యేది. నేను ఈ మాట అల్లుడి ముందే అన్నాను. అతను కాదనలేదు.

తూర్పు వైపు చవగ్గా దొరుకుతుందని పొలాలు కొంటున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు కనక, ఆ తర్వాత చూసి నేర్చుకున్నది చెబుతాను. నల్లగా ఉండి, ఎండితే తేలిగ్గా ఉండి, పీచు ఉన్న నేల మీద చిన్న మంటైనా పెట్టకండి, బార్బెక్యూ బొగ్గులు కుమ్మరించకండి. పొరపాటున పెడితే మట్టి కప్పకండి, ఆ మట్టే వంటచెరకు. నీళ్ళు పోసి వెళ్ళిపోతే కూడా ఆరదు. పైన జారిపోయి, కింద పొడిగానే ఉంటుంది. పోసి, కలిపి, బురద చేసి, మళ్ళీ పోసి, చెయ్యి పెడితే చల్లగా ఉండేదాకా కలపాలి. అది మొదటి గంటలో చెయ్యగల పని. నెలన్నర తర్వాత మనుషులు చెయ్యగలిగింది కాదు. అప్పుడు యంత్రాలు తెచ్చి కింద ఇసక తగిలేదాకా చుట్టూ కందకం తీస్తారు. కాలవలకి పలకలు అడ్డం వేసి, పంపులు పెట్టి, నేలలో నీటిమట్టం పైకి తెస్తారు. ఒకప్పుడు లాగేసిన నీళ్ళని మళ్ళీ తెచ్చి పోయడమే అసలు మందు. అది వారాల పని, ఒక్కోసారి నెలలు. నేలలోంచి పొగ కనపడితే దగ్గరికి వెళ్ళకండి, ఫొటోలు తీయకండి, దండాలు పెట్టకండి. దూరం జరిగి ఫోన్ చెయ్యండి.

ఆగస్టులో వదినగారి తిరుగు ప్రయాణానికి ముందు, ఒకసారి చూసి వస్తానన్నారు. రోడ్డు మీదనుంచి మాత్రమే అన్న షరతు మీద తీసుకెళ్ళాం. అల్లుడి ఉద్యోగం అప్పటికి నిలిచి ఉంది, వీసా సంగతి ఇంకా తేలలేదు. ఆవిడ దారంతా దాని గురించి మాట్లాడలేదు. మొక్కు గురించీ మాట్లాడలేదు.

మా పొలం చెరువైపోయింది. నీళ్ళలో పైన్ చెట్లు అటూ ఇటూ పడి ఉన్నాయి. కొన్ని నిలబడి ఉన్నాయి గానీ, అవి ఎందుకు నిలబడ్డాయో చెప్పలేం. అవతలి పొలంలో కందకం, దాని వెంట పంపుల గొట్టాలు. ఆ ఇంటివాళ్ళని జూన్‌లోనే ఖాళీ చేయించారట. కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. పొగ కనపడలేదు. గాలి లేదు.

వదినగారు రోడ్డు అంచున నించుని చేతులు జోడించలేదు. చూస్తూ ఉండిపోయారు. "ఆరిందాండీ?" అన్నారు.

నాకు తెలియదు. అక్కడే ఉన్న అధికారిని అడిగాను. ఆయన చేతిలో పొడుగాటి కొలత గొట్టం ఉంది, చివర వేడి చూపించే మీటరు. మేం నించున్నచోటికి కొంచెం అవతల, తారు అంచు పక్కన మట్టిలో దాన్ని దించి మీటరు వంక చూశాడు. బయటికి తీసి, రెండడుగులు మా వైపు జరిగి, మళ్ళీ దించాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు.

తర్వాత మామూలు గొంతుతో, మీ కారు కొంచెం వెనక్కి తీసుకోండి అన్నాడు.

ఆ మాట తెలుగులో చెబుదామని పక్కకి తిరిగాను. వదినగారు అప్పటికే కారు ఎక్కి, తలుపు వేసుకుని, నా కోసం అవతలి తలుపు తీసి పట్టుకున్నారు.